గాలిమరకు పెట్టిన బొట్టు

దసరా, రాత్రి.

ఏటా లాగే పొద్దున ట్రాక్టరుకు పూజ చేసి, చిన్నాయనతో కంపెనీవాళ్లు నిలబెట్టిన కరెంటు గాలిమర దగ్గరికి వెళ్లాను. రెండేళ్లుగా అది తిరగడమే లేదు. అయినా చిన్నాయన దాని ఇనుప తలుపుకు బొట్టు పెట్టి ఊదుబత్తీలు వెలిగించాడు. దాని దారికి ఆయన మెట్ట చెలకలోంచి జాగా ఇప్పించింది నేనే. ఊరికి మేలు జరుగుతుందని చెప్పాను, నమ్మాను కూడా.

కాపలా యాదయ్య నవ్వాడు. "గిది ఇగ తిరగది సార్. నిలవెట్టినందుకే కంపెనీకి సబ్సిడీ, పన్ను మాఫీ మొదట్లనే వచ్చినయి. బాగుచేసుడు వాళ్లకెందుకు?"

"సబ్సిడీ పైసలు ఎవరియి?" చిన్నాయన అడిగాడు.

"సర్కారుయి. అంటే మనయే. నువ్వు ముట్టించిన ఊదుబత్తీల మీద గూడ పన్ను ఉంటది."

చిన్నాయన ప్యాకెట్ నా చేతికిచ్చాడు. ధర పక్కన 'పన్నులతో కలిపి' అని ఉంది. చదివి వినిపించాను.

"జాగ నాదే, పైసలు నాయే. మొక్కుడు గూడ నేనేనా?" అంటూ తువ్వాలతో బొట్టు తుడిచేశాడు. తర్వాత నా వైపు చూశాడు. "నాకైతే సదువు రాదు. బడిల సార్‌వు, నీకెర్క లేదా బిడ్డా?"

నిజంగానే తెలియదు. కానీ ఇంతవరకు ఆ మాట ఆయనతో అనలేకపోయాను. తెలియదంటే నమ్ముతాడా? నేనైతే నమ్మను.