పద్నాలుగో రోజు ధైర్యం

రోజు 1, మంగళవారం
నెలసరి నిన్నటితో ఆగింది. ఇక నేను కొత్త మనిషిని. నర్సు అక్క ఇచ్చిన పుస్తకం రెండుసార్లు చదివా. అండం పెరిగే రోజుల్లో హుషారు. పద్నాలుగో రోజుకి విడుదల, అప్పుడు ఎక్కడలేని ధైర్యం. తర్వాత నీరసం, చిరాకు. ఇంత చక్కని టైంటేబుల్ ఒంట్లో పెట్టుకుని ఇన్నేళ్లూ ఊరికే భయపడ్డా.
మా కుట్టు యూనిట్లో కటింగ్ మాస్టర్ నెలాఖరుకి మానేస్తున్నారు. ఆయన కటింగ్ టేబుల్ నాకివ్వమని మేడంని అడగాలి. ఎనిమిదేళ్లుగా మిషను మీదే ఉన్నా. పద్నాలుగో రోజున అడుగుతా. అంతవరకు నోరు మెదపను.

రోజు 7, సోమవారం
హుషారే హుషారు. నలభై రెండు కాలర్లు కుట్టా. "ఏంటి, పాడుతున్నావ్?" అన్నారు మా ఆయన. "అండం పెరుగుతోంది" అన్నా. టీ కప్పు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయారు.

రోజు 14, సోమవారం
8:00. అద్దం ముందు మూడుసార్లు రిహార్సల్.
9:30. మేడం రాలేదు. పంటి నొప్పట. ఆవిడ పన్ను కోసం నా అండం ఆగుతుందా!

రోజు 15
మేడం వచ్చారు, బుగ్గ వాచి ఉంది. వాచిన బుగ్గని ఏం అడుగుతాం. ధైర్యం ఇంకో రెండు రోజులు నిలవ ఉంటుందిలే.

రోజు 17, గురువారం
నర్సు అక్కకి నేను గీసుకున్న రోజుల చార్టు చూపించా. నవ్వీ నవ్వీ కూలబడింది.
"పిచ్చిదానా, రక్తం కనపడిన రోజే ఒకటో రోజు. నువ్వు ఆగిన మర్నాటి నుంచి లెక్కపెట్టావు. ఇవాళ నీకు ఇరవై రెండు. అయినా అందరికీ పద్నాలుగే అవ్వాలని ఏం లేదే."
అసలు పద్నాలుగో రోజు పోయిన వారం బుధవారం. ఆ రోజు లిఫ్టులో మేడం, నేను, ఇద్దరమే. చార్టు ప్రకారం నోరు మూసుకున్నా.

రోజు 27 (దిద్దిన లెక్క), మంగళవారం
ఒళ్లంతా బరువు. మా ఆయన ఊపిరి పీల్చినా చిరాకే. ఎవరో కొత్త మాస్టర్ని రేపు రమ్మన్నారట. ఇప్పుడు అడిగితే ఏడుస్తా. అడగను. వచ్చే నెల చూద్దాం. వచ్చే నెలకి టేబుల్ ఎక్కడుంటుంది, నా మొహం.

రోజు 28, బుధవారం
ఆ కొత్తాయన గళ్ల గుడ్డ మీద గళ్లు కలపకుండానే గీత గీశాడు. చిరాకు నెత్తికెక్కింది. "ఆ కత్తెర ఇలా ఇవ్వండి" అని మిషను దగ్గర నుంచే అరిచా. మిషన్లన్నీ ఆగిపోయాయి.
"కోసి చూపించు" అన్నారు మేడం.
కోశా. గడికి గడి కలిసింది. ఈ టేబుల్ నాకే కావాలని కూడా అనేశా. ఏడ్చా కూడా.
"కన్నీళ్లు గుడ్డ మీద పడకుండా చూసుకో. రేపటి నుంచి ఇక్కడే నిలబడు" అన్నారు.

రోజు 1, గురువారం
ఉదయం 6:00. వచ్చేసింది. ఈసారి లెక్క సరిగ్గా ఇవాళ్టి నుంచే. పొట్ట మీద వేడినీళ్ల సంచి, ఒళ్లో కొత్త చార్టు.
కటింగ్ టేబుల్ పైన ఫ్యాను లేదు. మేడంని అడగాలి. పద్నాలుగో రోజున అడుగుతా. అంతవరకు నోరు మెదపను.