ఏసీ వేస్తే ఘాటు

ప్రత్తిపాడు,
మార్చి 9

మాలిక్ అన్నయ్యకు,

ఫోన్ చేస్తే ఏదో ఒకటి చెప్పి నన్ను నవ్వించి పెట్టేస్తారు. అందుకే కాగితం మీద పోట్లాడుతున్నాను. ఎలుకలు వైర్లు కొరికేస్తే, ఏసీ బాగుచేయమని కారు మీ గ్యారేజీలో ఇచ్చాను. ఇప్పుడు చల్లగానే వస్తోంది. కానీ వేసిన రెండో నిమిషానికి కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ముందు లేని మిరప ఘాటు ఎక్కడి నుంచి వచ్చింది? ట్రయల్ పేరుతో మీవాళ్లు కారులో మిరపకాయల బస్తాలు తోలారని నా అనుమానం.

మా మామయ్య యలమంద గారి ఊపిరితిత్తుల సంగతి మీకు తెలుసు. వారం వారం గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఈ రోజుల్లో దారి పొడవునా కళ్లాల్లో కాయలు ఎండుతుంటాయి, అద్దాలు దించే వీల్లేదు. ఏసీ వేస్తే లోపలే ఘాటు. మొన్న సగం దారిలో దగ్గీ దగ్గీ ఆయన మొహం నల్లబడిపోయింది. కారు వెనక్కి తిప్పేశాను. నాకు ఏడుపొచ్చింది.

గ్యారేజీకి వచ్చి అడిగితే, "మిరప పండే ఊళ్లో కారులో ఘాటు రాక సెంటు వాసన వస్తుందా అమ్మా" అన్నారు మీరు. పని చేసిన మెకానిక్ జాన్ బాషా బానెట్ ఎత్తి చూసి, తల దించుకుని నిలబడ్డాడు. తప్పు లేనివాడైతే మాట్లాడడా? అతని సంగతి మీరే తేల్చండి.

మీ చెల్లెలిలాంటి
జ్యోతిర్మయి


ప్రత్తిపాడు,
మార్చి 17

అన్నయ్యా,

మీ మొహం చూసి చెప్పలేక మళ్లీ రాస్తున్నాను.

నా ఉత్తరం చూసి జాన్ బాషాను పనిలోంచి మాన్పించారని నిన్న తెలిసింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మామయ్యతో, "బాగా అయింది" అన్నాను. ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

"అమ్మాయ్, అతనేం చెయ్యలేదు. నేనే చేయించా."

కారు తెచ్చుకున్న రోజు మామయ్యను మీ గ్యారేజీలో కూర్చోబెట్టి నేను మందుల షాపుకి వెళ్లాను. అప్పుడు, మళ్లీ ఎలుకలు చేరతాయని, ఇంటి నుంచి తెచ్చిన కారం మూటను బానెట్ లోపల కట్టమని ఆయన జాన్ బాషాకు ఇచ్చారట. "వద్దు పెద్దాయనా, ఏసీ గాలి అక్కణ్ణుంచే లాగుద్ది" అన్నాడట అతను. "ముప్పై ఏళ్లు ట్రాక్టరుకి కట్టా, నాకు చెబుతావా" అని ఈయన కసిరారు. ట్రాక్టరుకి ఏసీ ఎక్కడిది అన్నయ్యా? కట్టించుకుని, కోడలు తిడుతుంది చెప్పొద్దని మాట కూడా తీసుకున్నారు. నేను గొడవ పెట్టుకున్న రోజున జాన్ బాషా ఆ మూట చాటుగా తీసేశాడట. అప్పటికే కారం గొట్టాల్లోకి చేరిపోయింది. ఇన్నాళ్లూ సిగ్గుతో చెప్పలేకపోయానని మామయ్య ఏడ్చారు. ఊపిరాడని మనిషిని ఏమనను?

ఈ రోజు పొద్దున్నే జాన్ బాషా ఇంటికి వెళ్లాను. అతను అద్దంకిలో ఏదో షెడ్డులో పనికి కుదిరాడట. అతని భార్య నజ్మీన్ నాకు కుర్చీ వేసింది. ఆమెకు అంతా తెలుసు. "పెద్దాయనకు మాటిచ్చానన్నాడండి. ఆయనకు దగ్గు తగ్గిందా?" అని అడిగింది. తిట్టించుకుందామని వెళ్లాను. ఆమె ఆ పని కూడా చేయలేదు.

రేపు మామయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జాన్ బాషా తిరిగి పనిలోకి వచ్చేదాకా ఏ కారూ ఎక్కనని మొండికేశారు. నేను బతిమాలితే గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన ఆయాసం నాకు ఇక్కడికి వినిపిస్తోంది.

ఏ తప్పూ చేయనివాణ్ణి ఏమని పిలవాలి? క్షమించాం, రమ్మనా? ఈ కాగితం మీ గ్యారేజీలో ఇచ్చి, అద్దంకి వెళ్లడానికి బస్టాండులో నిలబడతాను. మీరూ రండి అన్నయ్యా. రాసింది నేను, మాన్పించింది మీరు. ఇద్దరం అతని ముందు నిలబడితే, ఒకరికైనా నోరు పెగులుతుందేమో.

జ్యోతిర్మయి