వసపిట్టకు సీటు

సోమవారం, పొద్దున్నే
నిర్ణయం! అయిదేళ్ళ మా వసపిట్టకు ఆ కొత్త కార్పొరేట్ బడి సరిపోతుందో లేదో నేనే తేలుస్తాను. గడువు ఆదివారం. అంతదాకా సంతకం పెట్టను, ఫీజు కట్టను, మురిసిపోను. ఏళ్ళతరబడి చెప్పుల షాపులో సేల్స్ చేస్తున్నదాన్ని. నాకే అమ్ముతారా?

చూడాల్సింది ఒక్కటే. మా పిల్ల లేచింది మొదలు వాగుతూనే ఉంటుంది. సగం ప్రశ్నలు, సగం పాటలు. అక్కడ దాని నోరు బతకాలి.

సాయంత్రం
వెళ్ళొచ్చాను. ఏసీ! రిసెప్షన్లో చేపల తొట్టి! అయినా పడిపోలేదు.

"ఆటస్థలం ఏదండీ?" గట్టిగానే అడిగాను.

"యాప్‌లో ఉంది మేడమ్," అంది కౌన్సెలర్.

"ఈతకొలను?"

"రెడీ మేడమ్. నీళ్ళు మాత్రం వచ్చే ఏడాది."

"మా పాప బాగా మాట్లాడుతుంది..."

"మొదట్లో అందరూ మాట్లాడతారు మేడమ్. రెండు నెలల్లో సర్దుకుంటుంది."

బిగుతు చెప్పులు అంటగట్టేటప్పుడు నేననే మాటే ఇది! దొరికిపోయారు. కాఫీ మాత్రం బాగుంది.

మంగళవారం
ముందు తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ అట. వెళ్ళాం. "పదేళ్ళ తర్వాత మీ పాప ఎక్కడుంటుంది?" అని అడిగారు. "ఇంట్లోనేనండీ, ఎక్కడికి పోతుంది?" అన్నాడు మా ఆయన.

ఫెయిల్! ఇద్దరమూ! జన్మలో పరీక్ష తప్పనిదాన్ని, నేను ఫెయిలా? ఒళ్ళు మండిపోయింది.

బుధవారం
ఫెయిలైన తల్లిదండ్రులకు అక్కడే కోచింగ్. చేరాం. (బడిని లోపలినుంచి చూడొద్దూ? ఇదీ పరిశీలనే.) మా ఆయనకు హోంవర్క్ కూడా ఇచ్చారు.

"బడి ఎలా ఉందో చూసొస్తానన్నావు. ఇప్పుడు మీరిద్దరే బడికి పోతున్నారేంటమ్మా?" అన్నారు అత్తగారు.

జవాబు చెప్పే తీరిక లేదు. రేపు టెస్టు.

గురువారం
పాస్!! నాకు స్టార్ ఇచ్చారు. మా ఆయన గ్రేస్ మార్కులతో గట్టెక్కాడు.

ఎల్లుండి పాపకు ఇంటర్వ్యూ. ఎదురు ప్రశ్న వేస్తే మార్కులు కట్. ఇంట్లో ప్రాక్టీసు మొదలెట్టాం. నేను ప్రిన్సిపల్, మా ఆయన చేపల తొట్టి.

"అమ్మా, చేపలెందుకు మాట్లాడవు?"

"మార్కులు కట్!" అన్నాను. మొక్కై వంగనిది మానై వంగునా?

శనివారం
సీటొచ్చింది! ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు నా తల్లి. "ఆణిముత్యం" అన్నారు ప్రిన్సిపల్. ఇదే ఆఖరి సీటట. షాపులో రోజుకు పది "ఆఖరి జతలు" అమ్ముతాను నేను. అయినా సంతకం పెట్టేశాను. ఆఖరిది కదా మరి!

ఫీజు రేపు.

ఆదివారం, మధ్యాహ్నం
భోజనాల దగ్గర పిల్ల చెయ్యెత్తింది.

"ఏంటే?"

"నీళ్ళు తాగొచ్చా?"

అప్పుడు తట్టింది. నిన్నటినుంచి ఇంట్లో పాటల్లేవు. ఒక్క ప్రశ్న లేదు.

"ఏం మాట్లాడవేంటమ్మా?"

నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా చెప్పింది. "నేను మాట్లాడితే నువ్వు ఫెయిలవుతావుగా."

దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బోరున ఏడ్చేశాను. "నేను ఫెయిలైతే అవనీ, నువ్వు మాట్లాడు తల్లీ," అన్నాను. అది నమ్మడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం
ఫీజు కట్టలేదు. కట్టను!

రేపటినుంచి మళ్ళీ మొదటికే. పక్కవీధి బడికి పిల్లనే తీసుకెళ్తాను. ప్రశ్నలన్నీ అదే అడుగుతుంది. నేను నోరు మెదపను. గడువు వచ్చే ఆదివారం.

అక్కడ తల్లిదండ్రులకు టెస్టు ఉందేమో కనుక్కోమని మా ఆయనకు చెప్పాను. ఊరికే, తెలుసుకుందామని.