ఎనభై అయిదో ప్రశ్న

అక్కా,

ఈ ఉదయం క్లాసు తలుపు తీస్తే చివరి బెంచీ కింద తెల్ల బూట్ల జత కనిపించింది. ఉతికి, ఆరబెట్టి, ముడుచుకుపోకుండా లోపల కాగితాలు కుక్కి ఉన్నాయి. వదినవి. పిల్లలందరూ ఆమెను అలాగే పిలుస్తారు. నలభై దాటాక మా క్లాసులో చేరింది ఆమె ఒక్కతే. పద్దెనిమిదేళ్ళు ఆస్పత్రి వార్డులో నర్సుగా నిలబడిన మనిషి. నిన్న ఉద్యోగం మానేసి, బూట్లు మా క్లాసులోనే ఒక పిల్లకని వదిలి వెళ్ళింది.

మొన్న ఆమె పరీక్ష రాసింది. విదేశాల్లో నర్సు ఉద్యోగానికి రాసే ఆ పరీక్ష ఎలా ఉంటుందో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. కంప్యూటరు ఒక్కొక్క ప్రశ్నే ఇస్తుంది. జవాబు ఒప్పయితే తర్వాతది కష్టంగా ఉంటుంది, తప్పయితే తేలిగ్గా. మనిషి నెగ్గుతుందని తేలిపోగానే ఆగిపోతుంది. నెగ్గదని తేలిపోయినా అలాగే ఆగిపోతుంది. ఎటూ తేలకపోతేనే నూట యాభైదాకా లాగుతుంది. నేను పిల్లలకు నెగ్గితే ఆగిపోతుందన్న సగమే చెప్పాను. అప్పటికే బిక్కచచ్చి ఉన్నారు. త్వరగా ఆగితే మంచిదే అన్నాను.

వదినకు ఎనభై అయిదుకే ఆగింది. క్లాసులోకి నవ్వుతూ వచ్చింది.

"కంప్యూటరుకే నా మీద విసుగొచ్చింది టీచరమ్మా! ఇంక చాలు తల్లీ, లేచి పో అన్నట్టు ఠక్కున ఆరిపోయింది."

"నీ వాగుడు దానిక్కూడా వినిపించి ఉంటుంది వదినా," అంది ఒక పిల్ల.

"పోవే! అసలు చివరికొచ్చేసరికి ప్రశ్నలు ఎంత సుళువైపోయాయనుకున్నావు? మా చిన్నదాన్ని కూచోబెట్టినా చెప్పేసేది."

అందరూ చప్పట్లు కొట్టారు. సుళువైపోయాయంటే ఏమిటో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

రేపే రాజీనామా ఇచ్చేస్తానని నాతోనే అంది. నేను హాజరు పిలవడం మొదలుపెట్టాను. ఫలితం వచ్చేదాకా ఆగమని హెడ్ నర్సు బతిమాలిందట. "మా టీచరమ్మ చెప్పింది, ఇంక భయం లేదు" అని కాగితం ఇచ్చేసింది.

అడగనిది చెప్పకపోవడం కూడా అబద్ధమేనని కాన్వెంటులో మదర్ అనేవారు. నువ్వు నవ్వేదానివి. నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. సోమవారం ఆమె ఇంటికి వెళ్ళి చెప్పేస్తాను.

నీ చెల్లి


అక్కా,

నీ ఉత్తరం అందింది. వెంటనే వెళ్ళి చెప్పమన్నావు. ఆమె వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నాకన్నా ముందు, ఆమె తప్పిందన్న ఫలితమే వెళ్ళింది.

నిన్న వదిన క్లాసుకు వచ్చింది, బూట్ల కోసం. వార్డులో ఆమె చోట్లో అప్పుడే వేరే మనిషిని పెట్టేశారు. ఇంకో చిన్న ఆస్పత్రి వాళ్ళు, ఎవరైనా సెలవు పెట్టిన రోజు పిలుస్తామన్నారట. బూట్లు ఆ పిల్ల కాళ్ళకే ఉన్నాయి. ఆ పిల్ల గబగబా వంగి లేసులు విప్పబోయింది.

"ఉంచుకోవే. నాకన్నా నీకే బాగున్నాయి," అంది వదిన. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి, మెల్లిగా, "ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది కదా టీచరమ్మా? ఎనభై అయిదుకే ఆగింది కదా. మీరే అన్నారు కదా," అంది.

ఎత్తిపొడుపు కాదక్కా. నిజంగానే అడిగింది. అప్పుడప్పుడూ అలా జరుగుతుందన్నాను.

బూట్ల పిల్లకు వచ్చే వారమే పరీక్ష. "మరి త్వరగా ఆగితే మంచిదేనా మేడం?" అంది. క్లాసంతా నావైపు తిరిగింది. వదిన కూడా.

మంచిదే అన్నాను.

ఇంత చిన్న మాట ఎందుకు చెప్పలేవని అడిగావు. చెబితే, ప్రశ్నలు సుళువైపోవడం మీకెలా తెలుసని వదిన అడుగుతుంది. పాఠాలు చెప్పడమే ఇష్టమనీ, ఆ పరీక్ష జోలికే పోలేదనీ నాన్నకూ నీకూ చెప్పాను. నిజానికి నేనూ రాశాను. నాది కూడా ప్రశ్నలు సుళువైపోయి ఎనభై అయిదుకే ఆగింది.

నీ చెల్లి