గ్రీకమ్మ చీటీలు

మార్చి 3
నలభై ఒకటో ఏట ఉద్యోగంలో చేరాను. ఆస్పత్రి రికార్డుల గదిలో టైపిస్టుని. డాక్టర్లు చెప్పిన ఆడియో విని రిపోర్టు టైప్ చెయ్యాలి. మొదటి దాంట్లోనే కోలెడోకోలిథియాసిస్ అన్నారు. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశాను.

పక్క సీటు పెద్దావిడని అందరూ గ్రీకమ్మ అంటారు. ముప్పై ఏళ్ల సర్వీసు. ఈ గ్రీకు మాటలన్నీ ఆవిడకి కొట్టిన పిండి. అంత బెదిరిపోతే ఎలా తల్లీ, ముక్కలు చేసి చూడు అంటూ ఒక రేకు డబ్బా తెరిచింది. నిండా చీటీలు. కోలె అంటే పైత్యరసం. డోక్ అంటే దాన్ని తీసుకెళ్లే గొట్టం. లిథ్ అంటే రాయి. చీటీలు పేర్చి, అది ఒంట్లో ఎక్కడుందో అక్కడ వేలు పెట్టి చూపించాలి. వేలు పెట్టలేని మాట టైప్ చెయ్యకూడదని ఆవిడ రూల్.

మార్చి 11
ఇవాళ తప్పు చోట వేలు పెట్టాను. సంచికీ గొట్టానికీ తేడా తెలియకుండా ఇన్నేళ్లు కాపురం ఎలా చేశావే అని దులిపేసింది. ముక్కు మీదే ఉంటుంది కోపం. అయినా ఈవిడంటే నాకెంత ఇష్టమో! సిస్ట్ అంటే పైత్యరసం నిలవుండే సంచి, డోక్ గొట్టం. ఈ జన్మలో మరిచిపోను.

మార్చి 12
కూర కలుపుతూ పొట్ట మీద వేలు పెట్టుకుంటే, కడుపునొప్పా అని ఆయన కంగారుపడ్డారు.

ఏప్రిల్ 6
గ్రీకమ్మకి జ్వరమట. ఆవిడ సెలవు పెట్టడం ఈ గదిలో ఎవరూ ఎరగరు.

ఏప్రిల్ 8, ఉదయం 10
వచ్చింది. కళ్లు పచ్చగా ఉన్నాయి. శాలువా కప్పుకుని కూడా వణుకుతోంది. కుడి పక్కటెముకల కింద చెయ్యి అదిమి పట్టుకుంది. డాక్టర్‌కి చూపించుకోండి అన్నాను. పోయినేడాదే ఆపరేషన్ చేయించి ఆ పైత్యరసం సంచి తీయించేసుకున్నాను, ఇంక నాకు రాయెక్కడిదే అని కసిరింది.

మధ్యాహ్నం 2
ఆవిడ కీబోర్డు మీద చీటీలు పేర్చాను. కోలె, సిస్ట్. దాని కింద కోలె, డోక్. సిస్ట్ చీటీ తీసేశాను. డోక్ చీటీ అలాగే ఉంచి, సంచి పోయినా గొట్టం ఉందిగా, మీ రూలే, వేలు పెట్టండి అన్నాను.

ఆవిడ వేలు మెల్లగా కదిలి గొట్టం ఉన్న చోటే ఆగింది. ఆవిడ కళ్లలో నీళ్లు. ఊరందరి రిపోర్టులూ టైప్ చేసిన మనిషికి తన ఒంటి సంగతి తట్టలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

వీల్‌చైర్‌లో ఎమర్జెన్సీకి పరిగెత్తించాను. మెల్లగా తొయ్యవే, పురుటికేమన్నా వెళ్తున్నానా అని దారంతా తిట్టింది.

ఏప్రిల్ 9
గొట్టంలో రాయి అడ్డం పడిందట. చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కిందట. ఎండోస్కోపీతో రాయి తీశారు. ఇంకా స్పృహ రాలేదు. గదిలో ఆవిడ కుర్చీ వైపు చూడలేకపోతున్నాను.

ఏప్రిల్ 12
రాత్రి ఆవిడకి స్పృహ వచ్చింది. ఆవిడ రిపోర్టు నాకే వచ్చింది. ప్రతి మాటకీ వేలు పెట్టి చూసుకుని టైప్ చేశాను. మంచం దగ్గరికి తీసుకెళ్తే ముందు కళ్లజోడు అడిగింది. రెండు కామాలు దిద్దింది. తర్వాత డబ్బా తెమ్మంది. ముప్పై ఏళ్ల కిందట తను రాసిన లిథ్ చీటీ వెతికి, చింపి, ఆ ముక్కలు నా అరచేతిలో పోసింది. పీడ వదిలిందట. నేను ఏడుస్తుంటే ఆవిడ నవ్వింది.

ఏప్రిల్ 15
కిడ్నీలో రాయి కేసు. డబ్బాలో లిథ్ లేదు. ఆవిడకి ఫోన్ చేశాను. నీకు చేతుల్లేవా అంది.

కొత్త చీటీ రాసి వేశాను.