అమావాస్యనాడు ఎడ్లు కట్టిన సాక్షి

అనకాపల్లి,
10 జూన్ 1947

ప్రియమైన బావ కన్నబాబుకి, జియావుద్దీన్ సలాం.

ఈసారి కుశల ప్రశ్నలు లేవు. ఒళ్ళు మండిపోతోంది. నిన్న సెషన్స్ కోర్టులో బుచ్చయ్యపేట పక్క రైతు దేముడికి ఉరిశిక్ష వేశారు. గట్టు తగాదాలో పొరుగు రైతు బంగారయ్యని చెరకు కత్తితో నరికేశాడట. చూసినవాడు ఒక్కడే, అప్పలరాజని. జనవరి ఇరవై రెండు మధ్యాహ్నం గానుగకి ఎడ్లు కట్టి చెరకు ఆడుతుంటే, దేముడు నెత్తుటి కత్తితో పరిగెత్తడం కనబడిందట. పోలీసులు నేర్పిన పాఠం చిలక పలుకుల్లా అప్పజెప్పాడు.

నాలుగు రోజులూ నేను ఆ కోర్టులోనే ఉన్నాను. దేముడి ప్లీడరు ఆవులిస్తూనే కేసు నడిపాడు. జడ్జీ దొర తలెత్తకుండా రాసుకున్నాడు. ఇక దొర పక్కన కూర్చుని అభిప్రాయం చెప్పే పెద్దమనుషులు ఇద్దరుంటారు, అసెసర్లని. వాళ్ళకీ గాడిదలకీ తేడా లేదు. ఒకడు 'దోషి' అంటే రెండోవాడు తలూపాడు.

ఇవాళ పొద్దున్న దేముడి పెళ్ళాం అప్పలకొండమ్మ నా షాపు ముందుకొచ్చి నిలబడింది. ఏడవలేదు. "ఆ బుధవారం అమాస బాబూ. అమాస నాడు ఎడ్లు ఎవుడు కడతాడు?" అంది. అమావాస్యనాడు మన రైతులు ఎడ్లకి సెలవిస్తారు. కాడి ఎత్తరు, గానుగ తిప్పరు. మరి అప్పలరాజు ఏ ఎడ్లని తోలుతూ చూశాడు? కోర్టులో అందరూ ఇంగ్లీషు తేదీ పట్టుకుని వేలాడారు గాని, పంచాంగం విప్పిన పాపాన ఎవరూ పోలేదు.

అప్పీలుకి ఏడు రోజులే గడువు. మీ సీనియరు వకీలుగారి గడ్డమే పట్టుకుంటావో కాళ్ళే పట్టుకుంటావో నీ ఇష్టం.

నీ జవాబు కోసం చూస్తూ,
జియా


మద్రాసు,
20 జూన్ 1947

ప్రియమైన కోపిష్టి బావకి,

నీ ఉత్తరం పట్టుకుంటే చెయ్యి కాలింది. గడ్డమే పట్టుకున్నాను. గడువులోపే అప్పీలు దాఖలైంది. రాజమండ్రి జైల్లో దేముడికి కబురు చేరుతుంది, అప్పలకొండమ్మకి నువ్వు చెప్పు.

కానీ అమావాస్య మాట వినగానే సీనియరుగారు పెదవి విరిచారు. "అది రికార్డులో ఉందా? హైకోర్టు రికార్డు చదువుతుందయ్యా, ఊరందరికీ తెలిసింది చదవదు" అన్నారు. కింది కోర్టులో ఒక్క ప్రాణి ఆ ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. రికార్డు అచ్చయి రావడానికి నెల పైనే పడుతుంది.

ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. బెల్లం పెనాలూ చెరకు కత్తులూ అమ్ముకునేవాడివి. నాలుగు రోజులు షాపు మూసుకుని కోర్టులో ఎందుకు కూర్చున్నావు? దేముడు నీకేమవుతాడు?

వరసకి మా చెల్లెలు, మీ ఆవిడ అజ్మతున్నీసాని అడిగానని చెప్పు.

ప్రేమతో,
కన్నబాబు


అనకాపల్లి,
30 జూలై 1947

ప్రియమైన బావకి,

దేముడు నాకేమీ కాడు. మనిషి ఉరికంబం ఎక్కుతుంటే చుట్టరికాలు లెక్కెయ్యాలా? రంజాన్ నెలలో ఇంత కోపమేమిటని మీ చెల్లెలు కూడా పోరుతోంది. ఏం చెయ్యను, దిగడం లేదు.

వాళ్ళ ఊరు వెళ్ళాను. అమావాస్య సంగతి కోర్టులో ఎందుకు చెప్పలేదని ఒక్కొక్కరినీ అడిగాను. "అందరికీ తెలిసిందే కదా బాబూ, కోర్టుకి తెలీదేటి?" అన్నారు. ఏమనాలి వీళ్ళని? అమావాస్య వస్తే నా షాపు తిరనాళ్ళలా ఉంటుంది. కాడి దించిన రైతులంతా పెనాలకీ కత్తులకీ ఆ రోజే వస్తారు. తెలియనివాడెవడు?

వచ్చే నెల పదిహేనున దొరలు వెళ్ళిపోతారట. ఈ తప్పు కూడా వాళ్ళ ఓడెక్కించి పంపేద్దామంటే కుదరదు బావా. ఆ కోర్టులో దొర ఒక్కడే. మిగతా అందరూ మనవాళ్ళే.

రికార్డు వచ్చాక సాక్షుల వాంగ్మూలాలు చదువు. చాలు. మిగతా కాగితాలన్నీ తిరగెయ్యకు, కళ్ళు పాడవుతాయి.

నీ
జియా


మద్రాసు,
16 సెప్టెంబరు 1947

ప్రియమైన జియావుద్దీన్‌కి,

ముందు మంచి మాట. నిన్న హైకోర్టు ఉరిశిక్ష కొట్టేసింది. దేముడు నిర్దోషి. విడుదల ఉత్తర్వు జైలుకి వెళ్ళింది.

మనకి కావలసింది రికార్డులోనే ఉంది. శవాన్ని మొదట చూసిన గడ్డి కోసే ముసలమ్మ, తలుపులమ్మ, చెప్పిన మాట. "ఆ రోజు గానుగలు ఆడలేదు. చేలల్లో మనిషన్నవాడు లేడు. అందుకే పొద్దు వాలేదాకా ఎవరూ చూళ్ళేదు." ఆమె ప్రాసిక్యూషన్ తెచ్చుకున్న సాక్షి! సీనియరుగారు ఆ వాక్యాన్నీ, ఎడ్లు తోలుతున్నానన్న అప్పలరాజు వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చదివారు.

ఇక రెండో మాట. వద్దన్న కాగితాలు కూడా తిరగేశాను. 'రెండవ అసెసరు, షేక్ జియావుద్దీన్, ఇనుప సామాన్ల వర్తకుడు, అనకాపల్లి. అభిప్రాయం: దోషి.'

ముందు అచ్చుతప్పనుకున్నాను. గాడిదలని తిట్టావు కదరా! తలుపులమ్మ ఆ మాట చెబుతుంటే నువ్వు పది అడుగుల దూరంలో ఉన్నావు. అసెసరు సాక్షిని ప్రశ్న అడగొచ్చు. అమావాస్య అంటే తిరనాళ్ళని నాకు రాశావు, ఆ వేళ నీ నోరేమైంది?

కన్నబాబు


అనకాపల్లి,
28 సెప్టెంబరు 1947

ప్రియమైన కన్నబాబుకి,

బావా అని రాయడానికి ముఖం చెల్లడం లేదు. తలుపులమ్మ మాట విన్నాను. ఇరవై రెండో తేదీ అప్పటికి నాకొక అంకె, అంతే; అమావాస్యని తట్టనే లేదు. నాలుగో రోజు సాయంత్రం, ఊరికి తిరిగొచ్చే పాసింజరు బండికి వేళవుతోంది. మొదటి అసెసరు 'దోషి' అన్నాడు. నేను కూడా అదే అనేశాను. బండి అందింది. మిగతావాళ్ళ మీద నేను పోసిన నిప్పంతా నా మీద పోసుకోవాల్సింది. నీకు ముందే చెబితే అప్పీలు వెయ్యవేమోనని భయపడ్డాననుకున్నాను. అది కూడా అబద్ధమే. సిగ్గుపడ్డాను.

మొన్న దేముడి ఇంటికి వెళ్ళాను. అప్పలకొండమ్మ మంచం వాల్చింది. కూర్చోకుండానే చెప్పేశాను, ఆ రెండో అసెసరుని నేనేనని.

"తెలుసు బాబూ" అంది. "నాలుగు రోజులూ నాను కోర్టులోనే ఉన్నాను కదా. తెలిసే మీ షాపుకొచ్చేను. దొరిల్లు ఎక్కడో నాకు తెలీదు. ప్లీడరు గుమ్మమెక్కనివ్వలేదు. మావోణ్ణి ఉరి తియ్యమన్నోళ్ళలో నాకు గుమ్మం తెలిసినోరు మీరొక్కరే."

దేముడు గోడకి చేరబడి కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడు. అతను అడిగాడు: "దోసి అన్నప్పుడు నా మొకం సూసేరా బాబూ?"

చూడలేదు. గోడ గడియారం చూశాను. ఆ మాటే చెప్పాను.

"ఇప్పుడు సూడండి" అన్నాడు.

చూశాను. కొంతసేపటికి నా తల వాలిపోయింది.

"ఇంకా అవ్వలేదు" అన్నాడు దేముడు.

మళ్ళీ ఎత్తాను.

నువ్వు ఏమని పిలిచినా పలికే,
జియావుద్దీన్