చిన్నగదిలో మూలుగు

నా వసపిట్టకి,

మీ అక్క ఇంట్లో కులాసాగా ఉన్నావనుకుంటాను. నిన్న లిఫ్టు రిపేరు మధ్యలో వదిలేసి ఒక్కణ్ణే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లూ ల్యాబులో నా వీర్యకణాలతో కలిపిన నీ అండాలు ఎందుకు ఎదగలేదో తేలింది. లోపం నీది కాదు, నాది.

"వీర్యకణం తయారయ్యేటప్పుడే దాని తలలో ఒక ఎంజైము చేరాలండీ," అందావిడ. "అది అండంలోకి వెళ్ళి అక్కడున్న ఓ కొవ్వు పదార్థాన్ని విడగొడితే సంకేతం పుడుతుంది. దాంతో అండం మేలుకుంటుంది. మీ కణాల్లో ఆ ఎంజైము లేదు. లోపలికి పంపినా లేపలేవు."

అమ్మకి చెప్పాను. నిన్ను అన్నన్ని మాటలన్న మనిషి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఇంకో సంగతి. నవ్వకు. నువ్వు వెళ్ళినప్పటినుంచి మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే చిన్నగదిలోంచి మూలుగు వినిపిస్తోంది. ఏడుపు కాదు. నిద్ర లేవబోయి మళ్ళీ కళ్ళు మూసుకున్న పసిపాప మూలుగు. పిల్లికూనేమోనని వెతికాను. తలుపు తీస్తే ఇస్త్రీ బల్ల తప్ప ఏమీ ఉండదు. అమ్మకి వినపడదు. లేపలేకపోయింది నేనే కదా, నన్నే అడుగుతున్నట్టుంటుంది.

నీకింకా వయసుంది. నాతో ఉండి ఈ గోడు నీకెందుకు? విడాకులకి నేను సిద్ధం. నువ్వు సరేనంటే చాలు.

ఎక్కడున్నా నీ మంచి కోరే
మౌనముని


నా మౌనమునికి,

నన్ను వదిలించుకోవడం లిఫ్టు మీట నొక్కినంత తేలికనుకున్నారా? మీ ఉత్తరం చదివి, అక్క చూడకుండా వంటింటి గోడకి తలానించి ఏడ్చాను. విడాకుల మాటకి కాదు. ఆ మూలుగు మీకూ వినిపించినందుకు.

నేను ఇల్లు వదిలింది అత్తయ్య మాటలు పడలేక కాదండీ. ఆ గదికి భయపడి. చెబితే పిచ్చిదంటారని, ఇంత వాగుడుకాయనీ నోరు కుట్టేసుకున్నాను. అక్క ఇక్కడ డాక్టరుకి చూపించింది. "అంతా ఊహేనమ్మా, తగ్గిపోతుంది," అని మాత్రలిచ్చాడాయన. తగ్గలేదు. మధ్యాహ్నమయ్యేసరికి అక్క రేడియో గట్టిగా పెడుతుంది. అయినా వినిపిస్తుంది.

లోపం ఎవరిదైతే నాకేం? ఆ అండాలు నావి, ఆ కణాలు మీవి. మేలుకోకపోయినా మన పిల్లలే. అండాన్ని బయటినుంచి లేపే మందేదో ఉందట, అక్క కనుక్కుంది. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు వీళ్ళ సంగతి.

శుక్రవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. పనికి సెలవు పెట్టండి. మధ్యాహ్నం ఇద్దరం ఆ గదిలోనే చాప వేసుకుని కూర్చుందాం. మూలుగు వినిపిస్తే మీరు లేపాలని చూడకండి. నేను జోల పాడతాను. నిద్రపుచ్చుదాం.

మీ
వసపిట్ట